మీ ఫోనుకి మీరు అర్థం కాకండి

మీ ఫోను మిమ్మల్ని తప్పుగా అర్థం చేసుకుంటే సరిదిద్దకండి. అరవై దాటిన మనిషికి పసిపిల్లల డైపర్ల ప్రకటన వచ్చిందా, రానివ్వండి. అది ఎందుకు నచ్చలేదో చెప్పమని అడిగితే జవాబివ్వకండి. మీ ప్రొఫైలు అరవై శాతమే నిండిందని రోజూ పోరుతుంటే అరవై దగ్గరే ఆపేయండి. ఇంట్లో పిల్లలు, బ్యాంకులో మేనేజరు, కాలేజీలో ప్లేస్‌మెంటు ఆఫీసరు దీనికి సరిగ్గా ఎదురు చెబుతారు. వివరాలన్నీ నిజాయితీగా నింపితే మంచి సేవలందుతాయంటారు. ఈ ఒక్క విషయంలో వాళ్ల మాట వినకండి. నా సలహా తలకిందులుగా కనబడుతుందని తెలుసు. అయినా బెజవాడలోనూ చుట్టుపక్కల డెల్టా ఊళ్లలోనూ ఉన్న మనవాళ్లందరూ ఇలాగే చేయాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

ఫోను మన పేరూ నంబరూ చిరునామా తెలుసుకుని ఊరుకునే రోజులు పోయాయి. ఇప్పుడది మన స్వభావం రాసుకుంటోంది. 2013లో మైకేల్ కొసిన్‌స్కీ, డేవిడ్ స్టిల్‌వెల్, థోర్ గ్రేపెల్ అనే పరిశోధకులు 58,000 మందికి పైగా జనం ఫేస్‌బుక్ లైకులు పోగేశారు. వాటిని బట్టి మతం, రాజకీయ అభిప్రాయం, తెలివితేటలు, ఆఖరికి సిగరెట్టు అలవాటు కూడా అంచనా వేయవచ్చని చూపించారు. 2015లో వూ యూయూ అనే పరిశోధకురాలు వాళ్లలో ఇద్దరితో కలిసి ఇంకో అడుగు ముందుకేసింది. పది లైకులుంటే ఆఫీసులో పక్క సీటు మనిషి కంటే, 70 ఉంటే స్నేహితుడి కంటే, 150 ఉంటే ఇంట్లోవాళ్ల కంటే, 300 ఉంటే కట్టుకున్నవాళ్ల కంటే కంప్యూటరే మన గుణాన్ని మెరుగ్గా చెబుతుందని తేల్చింది. కొలిచేవి ఐదు: కొత్తవాటి మీద ఆసక్తి, పనిలో క్రమం, నలుగురిలో కలివిడితనం, ఎదుటివాళ్లతో సర్దుకుపోయే మెత్తదనం, ఆందోళన.

పత్రికలు అప్పట్లో ఈ 300 లైకుల సంగతి గొప్పగా రాశాయి. అదే అధ్యయనంలో ఇంకో అంకె ఉంది. మనిషి తన గురించి తాను చెప్పుకున్నదానికీ కంప్యూటరు అంచనాకీ మధ్య పొందిక 1కి 0.56. స్నేహితుల అంచనాకైతే 0.49. గెలిచింది కంప్యూటరే. కానీ ఇద్దరూ మనిషి దాకా రాకుండా దారిలోనే ఆగిపోయారు. నా సలహాలన్నీ ఆ మిగిలిన దూరాన్ని కాపాడుకోవడానికే.

ముందుగా, మీ గుణం చెబుతామనే ఆటలు ఆడకండి. మీరు మహాభారతంలో ఏ పాత్ర, మీ మనసు ఏ రంగు అంటూ వాట్సాప్‌లో ఎవరో పంపుతారు. పంపింది మన పిన్నిగారే అయినా తెరవకండి. కేంబ్రిడ్జ్ అనలిటికా అనే కంపెనీ ఫేస్‌బుక్ వివరాలు లాగిన వ్యవహారం మొదలైంది అలాంటి ప్రశ్నల యాప్‌తోనే. మన దేశంలో దాన్ని ఫోనులో పెట్టుకున్నది 335 మంది. వాళ్ల స్నేహితుల జాబితాల మీదుగా మొత్తం 5,62,455 మంది వివరాలు బయటికి పోయి ఉండవచ్చని 2018లో ఫేస్‌బుక్ చెప్పింది. అంటే సరదాకి ఆడిన ఒక్కొక్కరి వెనక పదహారు వందల మందికి పైగా. 2021 జనవరిలో సీబీఐ కేసు కూడా పెట్టింది. స్నేహితుల వివరాలు అలా లాగే దారిని ఫేస్‌బుక్ ఆ వ్యవహారం బయటపడక ముందే మూసేసింది. మనవాళ్ల నంబర్లు, ఫొటోలు చూడటానికి అనుమతి అడిగే యాప్‌లకు మాత్రం ఇప్పటికీ కొదవలేదు.

ఇక అసలు సంగతికొస్తాను. మా మేనమామ కైకలూరు పక్కన చేపల చెరువులు చేస్తాడు. ఆయన ఫోనులో నెల రోజుల డబ్బు చెల్లింపులు వరసగా చదివాను. తెల్లవారుజామున 4.50కి చెరువు గట్టు దారిలో టీ, పది రూపాయలు. మళ్లీ 5.30కి ఇంకో టీ. వారంలో మూడు నాలుగు రోజులు ఇదే వరస. మధ్యలో మేత కొట్టుకి పెద్ద మొత్తం. గురువారం మందుల షాపు. రాత్రి పదకొండు దాటాక హైదరాబాదులో ఉన్న కొడుక్కి ఐదు వేలు. ఈ కాగితం చూసి స్వభావం కట్టమంటే ఏ కంప్యూటరైనా ఏం కడుతుంది? నిద్రపట్టని మనిషి, ఒంట్లో బాగాలేదు, చేతిలో డబ్బు నిలవదు, ఆందోళన పాలు ఎక్కువ. అసలు కథ వేరు. తెల్లారేముందు చెరువు నీళ్లలో ప్రాణవాయువు బాగా తగ్గిపోతుంది. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఆ వేళకి గట్టు మీదుండి ఏరియేటర్లు వేయకపోతే పంటంతా పోతుంది. చేపల రైతులందరూ ఆ వేళకే లేస్తారు. అది వాళ్ల వృత్తి. మా మామయ్య తలగడ మీద తల పెడితే రెండు నిమిషాల్లో నిద్రపోయే మనిషి.

కాస్త ఇటు వచ్చి బెజవాడ సింగ్‌నగర్ చూద్దాం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి ఆ కాలనీల మీద పడింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. కరెంటు లేక, తాగునీళ్లు లేక జనం రోజుల తరబడి మేడల మీదే ఉండిపోయారు. నాకు తెలిసిన ఒకావిడ ఇప్పటికీ వాన గట్టిగా పడితే అర్ధరాత్రి లేచి ఫోను తీస్తుంది. బ్యారేజీకి నీళ్లెన్ని వస్తున్నాయి, బుడమేరు గట్టు ఎలా ఉంది, కొండపల్లి వైపు వాన ఉందా, ఇవే వెతుకుతుంది. ఆ రాత్రుల తర్వాత ఆవిడ ఫోనులో నిద్ర మాత్రల ప్రకటనలు, బీమా ప్రకటనలు, అప్పు యాప్‌ల ప్రకటనలు మొదలయ్యాయి. ఆవిడది ఆందోళన స్వభావం కాదు. వరద రోజున కింద వాటాలోని ముసలావిడని, గ్యాసు సిలిండరుని, ఇంట్లోవాళ్ల మందుల డబ్బాని తడవకుండా పైకి చేర్చింది ఆవిడే. ఒకసారి మునిగిన వాళ్లు మబ్బు పట్టగానే జాగ్రత్త పడటం తెలివి. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమ వాళ్లు కార్తీకం వస్తే ఆకాశం వైపు చూస్తూనే ఉంటారు. అప్పుడు ఫోనులుండి ఉంటే ఆ తరం తరమంతా ఆందోళన గుణం కింద నమోదయ్యేది.

మనిషికి ఏదో జరిగింది. దానికి మనిషి కదిలాడు. ఆ కదలికను మాత్రమే పట్టుకుని, దాన్ని పుట్టుకతో వచ్చిన గుణంగా రాసేయడమే ఈ లెక్కల్లో అన్నిటికంటే పెద్ద అన్యాయం. బస్తాలో గొట్టం గుచ్చి గుప్పెడు వడ్లు తీసి మొత్తం లోడుకి తేమ శాతం రాసినట్టే ఇది. వడ్లనైతే ఆరబోసి మళ్లీ తేవచ్చు.

అలాగైతే తప్పు సరిదిద్దమని చెప్పాలి కదా, వదిలేయమంటావేంటి అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. సరిదిద్దాలంటే ఇంకా చెప్పాలి. నాకు నిద్ర బాగానే పడుతుంది, లేచేది చెరువు కోసం, అప్పు ఫలానా చోట ఉంది, గుండె మందు ఫలానాది. ఒక తప్పు తీయడానికి నాలుగు నిజాలు అప్పగించాలి. పైగా ఆ బొమ్మ సగం నిజమైతేనే మనకు ముప్పు. ఎప్పుడు దిగులుగా ఉంటామో తెలిసిన వాడే ఆ గంటకి అప్పు యాప్ చూపిస్తాడు. పూర్తిగా గజిబిజిగా ఉన్న బొమ్మను నమ్మి ఎవడూ డబ్బు పెట్టడు. గజిబిజి చేయడం మన చేతుల్లో ఉన్న పని.

అందుకని ఫోను ఇంట్లో అందరికీ ఇవ్వండి. ఎవరి ఫోను వాళ్లదే అనే పద్ధతి మన ఇళ్లలోకి నిన్న మొన్న వచ్చింది. మా మామయ్య ఫోనులో పొద్దున ఘంటసాల, తర్వాత చేపల ధర, మధ్యాహ్నం అత్తయ్య చూసే బ్లౌజుల డిజైన్లు, సాయంత్రం మనవరాలి ఏనుగు పాట, రాత్రి పాలేరు చూసుకునే కబడ్డీ. "ఏంట్రా అల్లుడూ, ఇది నన్ను ఎవరనుకుంటోంది?" అని అడిగాడు. ఎవరో తేల్చుకోలేకపోతోంది మామయ్యా, అలాగే ఉండనీ అన్నాను. ఆ ఫోనుకి వచ్చే ప్రకటనలకు ఒక తీరూ తెన్నూ లేదు. డబ్బు యాప్‌కి మాత్రం విడిగా తాళం వేసుకోండి. పిన్నూ ఓటీపీ మాత్రం కన్నకొడుక్కి కూడా చెప్పకండి.

ఇల్లంతా కలిసి వాడే వీలు లేనివాళ్లు తామే కలిపేసుకోవచ్చు. కొనే ఉద్దేశం లేని ట్రాక్టరు చూడండి. మీకు గిట్టని పార్టీ పేజీలకూ లైకు కొట్టండి, గిట్టే పార్టీకి కొట్టడం మానేయండి. ఇదేదో నా బుర్రలో పుట్టిన పిచ్చి కాదు. హెలెన్ నిసెన్‌బామ్, డేనియల్ హోవ్ అనే ఇద్దరు 2006లోనే ట్రాక్‌మీనాట్ అనే చిన్న ప్రోగ్రాం తయారుచేశారు. మనం వెతికే మాటల మధ్యలో సంబంధం లేని మాటలు తనంతట తానే వెతికి అసలువాటిని మరుగున పెట్టడం దాని పని. గూగుల్ ఖాతాలో మన వెతుకులాటలు మూడు నెలలు దాటగానే వాటంతటవే చెరిగిపోయేలా పెట్టుకోవచ్చు. ఆ మీట ఈ రోజే నొక్కండి. వాన రాత్రుల భయాలు మూడు నెలలకు మించి ఎవరి దగ్గరా ఉండనక్కర్లేదు.

ఒక హద్దు మాత్రం దాటకండి. ప్రభుత్వ కాగితాల్లో ఈ కలగాపులగం పనికిరాదు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మన మీద కూడా బాధ్యతలు పెట్టింది. ఇంకొకరిలా నటించకూడదు, గుర్తింపు, చిరునామా పత్రాల కోసం ఇచ్చే వివరాల్లో ముఖ్యమైనవి దాచకూడదు. తప్పితే 10,000 రూపాయల దాకా జరిమానా. రేషను కార్డుకీ ఆధారుకీ నిజమే చెప్పండి. లైకు బొత్తాం అఫిడవిట్టు కాదు.

ఇంటిపేరు అడగని చోట ఇంటిపేరు రాయకండి. మన జిల్లాల్లో ఈ గుణాల లెక్క కంప్యూటరుకి ముందే ఉంది. ఇంటిపేరు అడుగుతారు, దాన్నుంచి ఊరు, ఊరి నుంచి కులం, కులం నుంచి మనిషి పౌరుషమూ పిసినారితనమూ నిజాయితీ అన్నీ తేల్చేస్తారు. ఈ పీడను ఎదిరించినవాళ్లూ ఇక్కడే పుట్టారు. ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం పెట్టి 1947లో దాన్ని పటమటకు తెచ్చిన గోరా, ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టారు. ఆ పేరులో కాలం కనబడుతుంది, కులం కనబడదు. ఆ లవణం గారే 1960లో కవి జాషువా కూతురు హేమలతను పెళ్లి చేసుకున్నారు. ఏ ఇంటిపేరు లెక్కకూ అందని పెళ్లి అది. ఫోనుకి మన కులం చెప్పకపోయినా పేరు, పిన్‌కోడు, చూసే సినిమా, చేరిన వాట్సాప్ గ్రూపు కలిపితే దానికి ఆ సంగతి దొరికిపోతుంది. కుల సంఘాల గ్రూపుల్లోంచి బయటికి రండి. పెళ్లికో చావుకో వాళ్లు కావాలంటే ఫోను చేస్తే వస్తారు.

చిన్న ఖర్చులకు నోట్లు వాడండి. టీ, పూలు, మందులు, గుడి హుండీ, కాళేశ్వరరావు మార్కెట్లో కూరగాయలు. సందు చివర కిరాణా కొట్టులో పద్దు పెట్టుకోండి. మీకు చేతిలో డబ్బు ఎప్పుడు ఆడుతుందో, ఎప్పుడు ఆడదో కొట్టాయనకు తెలుసు, సందేహం లేదు. కానీ తీర్చగానే గీత కొట్టేస్తాడు, ఆ పుస్తకం నిండితే అవతల పారేస్తాడు. అప్పు యాప్‌ల సంగతి మాత్రం ఖరాఖండిగా చెబుతున్నాను. 2022 సెప్టెంబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అప్పిచ్చే యాప్ మీ కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫొటోలు తీసుకోకూడదు. అడిగిందంటే అది దొంగది. ఈ పక్క ఎన్నో ఇళ్లలో ఆ కాంటాక్టుల జాబితాతోనే బంధువులకు ఫోన్లు చేసి, మార్చిన ఫొటోలు పంపి, మనుషుల్ని చావు దాకా తరిమారు.

ప్రభుత్వం నుంచి సంతృప్తిగా ఉన్నారా అంటూ రికార్డు చేసిన గొంతుతో ఫోను వస్తే ఏ అంకే నొక్కకండి. మన రాష్ట్రంలో ఈ పద్ధతికి చరిత్ర ఉంది. 2016 జూలైలో ప్రజాసాధికార సర్వే పేరుతో ట్యాబులు పట్టుకుని ఇంటింటికీ వచ్చారు. తర్వాత వెలగపూడిలో రియల్ టైమ్ గవర్నెన్స్ వచ్చింది, జనం సంతృప్తిని శాతాల్లో చెప్పడం అలవాటైంది. 2019 మార్చిలో జనం వివరాలు దొంగిలించారంటూ ఒక పార్టీ కార్యకర్తల యాప్ మీద హైదరాబాదులో కేసు పెట్టారు. ఏప్రిల్లో ఆధార్ సంస్థ ఇచ్చిన ఫిర్యాదులో 7.8 కోట్ల మందికి పైగా తెలుగువాళ్ల వివరాల ప్రస్తావన ఉంది. ఆ పార్టీ ఆరోపణను కొట్టిపారేసింది. అదే ఏడాది వచ్చిన కొత్త ప్రభుత్వం ఆగస్టులో ఊళ్లలో 50 ఇళ్లకో వాలంటీరును పెట్టింది. వాళ్లు సేకరించే వివరాల మీద 2023లో ప్రతిపక్షం గొడవ చేసింది. ఆ ఆరోపణనూ అధికార పక్షం కొట్టిపారేసింది. ఎవరు నిజమో తేల్చడం నా పని కాదు. జెండా మారినా మన ఇంటి గుట్టు మీద ఆసక్తి మారలేదన్నది నాకు కనబడుతున్న సంగతి. అందుకే మీ మనసు ఎలా ఉందో చెప్పకండి, మీకేం కావాలో చెప్పండి. కాలువలో పూడిక తీయలేదన్న మాటకు ఫోనులో నొక్కడానికి అంకె ఉండదు. సోమవారం కలెక్టరేటుకి వెళ్లి అర్జీ రాసిచ్చి రసీదు తీసుకోండి. ఆ అర్జీలో మీ సర్వే నంబరు ఉంటుంది, మీ స్వభావం ఉండదు.

అన్ని లెక్కలూ చెడ్డవని నేననడం లేదు. మన ప్రభుత్వం మైక్రోసాఫ్ట్‌తో కలిసి ఏ బడి పిల్లలు చదువు మానేసే ప్రమాదంలో ఉన్నారో ముందే పసిగట్టే పని చేసింది. అక్కడ చూసింది మార్కులు, బడిలో ఉన్న వసతులు, పంతుళ్ల నైపుణ్యం వంటివి. అలాంటి జాబితా పట్టుకుని ఒక పంతులుగారు ఆ పిల్ల ఇంటి తలుపు తడితే నేను దండం పెడతాను. ఆ పిల్ల బద్ధకస్తురాలని గుణం రాసిపెడితే మాత్రం ఒప్పుకోను.

పిల్లల దగ్గర ఇంకా గట్టిగా ఉండండి. గొల్లపూడి నుంచి ఈడుపుగల్లు దాకా ఇంటరు హాస్టళ్లలో వారం వారం పరీక్షలు పెట్టి, మార్కుల్ని బట్టి సెక్షన్లు మార్చే ఊళ్లు మనవి. పదహారేళ్ల పిల్లవాడి మీద ఇప్పటికే ఒక అంకె ఉంది. దాని పక్కన వ్యక్తిత్వ నివేదిక అంటూ ఇంకో కాగితం చేర్చనివ్వకండి. అంతర్ముఖుడు, ఒత్తిడి తట్టుకోలేడు, నాయకత్వం తక్కువ అని అందులో రాసుంటుంది. ఇంటి మీద బెంగతో రెండు నెలలు మూగగా ఉన్న పిల్లవాడు సంక్రాంతికి ఊరెళ్లి గాలిపటం ఎగరేసి వస్తే ఆ మూడింటిలో ఒక్కటీ మిగలదు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మగారిని జనం సత్యభామగానే చూశారు. రంగు కడుక్కుని అరుగు మీద కూర్చుంటే ఆయన వేరే మనిషి. పదహారేళ్ల వాళ్లు రోజుకో వేషం కడతారు. కట్టనివ్వాలి.

ఇంజనీరింగు పిల్లలు ప్లేస్‌మెంటు పరీక్షలో "నేను కొత్తవాళ్లతో తేలిగ్గా కలిసిపోతాను" లాంటి వాక్యాలకు ఒకటి నుంచి ఐదు దాకా అంకెలివ్వాలి. అక్కడ మనసు విప్పకండి. ఆ ఉద్యోగానికి ఏం కావాలో చూసుకుని అంకె వేసి రండి. ఇంటర్వ్యూలో అభ్యర్థి ముఖకవళికలు చదివి మార్కులేసే పద్ధతిని అమెరికాలో హైర్‌వ్యూ కంపెనీయే విమర్శల మధ్య వదులుకున్నట్టు 2021లో ప్రకటించింది. యూరప్ చట్టం ఆఫీసుల్లో, బడుల్లో కంప్యూటరు మనుషుల భావోద్వేగాలు పసిగట్టడాన్ని 2025 ఫిబ్రవరి నుంచి నిషేధించింది. కేవలం వ్యక్తిత్వ గుణాలను బట్టి ఫలానావాడు నేరం చేస్తాడని అంచనా వేయడమూ అక్కడ నిషేధమే. వాళ్లు చట్టం చేసి ఆపినదాన్ని మన పిల్లవాడు ఫారం మీద మనస్ఫూర్తిగా నింపి ఇవ్వడం ఎందుకు?

మన డేటా రక్షణ చట్టంలోనూ పద్దెనిమిది నిండని పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలి. వాళ్ల ప్రవర్తనను కనిపెట్టి చూడకూడదనీ ఉంది. విద్యాసంస్థలకు చదువు, భద్రతల మేరకు మినహాయింపు ఇచ్చారు. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైనవి అమలులోకి రావడానికి పద్దెనిమిది నెలలు గడువు పెట్టారు. ఈలోపు హాస్టల్లో చేర్చేటప్పుడు ఇచ్చే కాగితాల కట్ట తీరిగ్గా చదవండి. ఫీజు రసీదు మీద సంతకం పెట్టండి. అవుటింగ్ ఫారం మీద, డాక్టరుకి చూపించే అనుమతి మీద పెట్టండి. మానసిక సామర్థ్య పరీక్ష అని ఒక కాగితం ఉంటే విడిగా తీసి వెనక్కిచ్చేయండి. ఇది తప్పనిసరండీ అని కౌంటరులో అమ్మాయి అంటుంది. తప్పనిసరి అని రాసి సంతకం చేసి ఇమ్మని ప్రిన్సిపాల్‌గారిని మర్యాదగా అడగండి.